పదీ ఇరవైకి విప్పిన ఫోమ్

"గంట టైమిస్తున్నాను మేడమ్. ఒంటిగంటన్నరకి ఈ గదికి మళ్ళీ సీలేస్తా. నాలుగింటికి పిల్లని కోర్టులో పెడతా. ఈ లోపల మీరేం పొడుస్తారో పొడవండి."

ఈ మాటలన్న ఇన్‌స్పెక్టర్‌ని డిపార్టుమెంటులో అందరూ ఉడుం అంటారు. పట్టింది తప్పని తెలిసినా వదలడని. ఆ పేరు పెట్టింది కూడా ఎదురుగా నిలబడ్డ ఈ డిటెక్టివే, పదేళ్ళ కిందట, అతను ఆవిడ కింద ఎస్సైగా ఉన్న రోజుల్లో. ఇప్పుడతను ఇన్‌స్పెక్టరు, ఆవిడ ఉద్యోగం వదిలేసి ప్రైవేటుగా కేసులు చూసే మనిషి. ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అంటారు గానీ, రెండూ కాకుండా పోయినవాళ్ళ గురించి సామెత ఎవరూ చెప్పలేదు.

డిటెక్టివ్ చేతిసంచీలోంచి కొలిచే టేపు తీసింది. మంచం మీద పరుపుంది. పరుపనడానికి ఇంకా గలీబు లేదు. ఒకదాని మీద ఒకటి రెండు ఫోమ్ షీట్లు. కిందది నాలుగంగుళాల గట్టిది, పైది మూడంగుళాల మెత్తటిది. కొత్త ఫోమ్ వాసన గదిలో ఇంకా పోలేదు.

ఈ పరుపు కథ వింటే ఎవడికైనా కడుపు తరుక్కుపోతుంది. ఇంటాయన సిటీ బస్సు డ్రైవరు. ఆయన భార్య వెన్నెముక దెబ్బతిని మూడేళ్ళుగా మంచంలో ఉంది. మెడ కాస్త తిప్పగలదు, మాట్లాడగలదు, అంతే. వీపంతా పడక పుళ్ళు. ఒక్కతే కూతురు, కారు సీట్ల కవర్లు కుట్టే షాపులో పని. షాపుల్లో అమ్మే పరుపులేవీ అమ్మకి పనికిరావు, నేనే చేస్తానని పట్టుబట్టింది. మూడు నెలలు ఫోన్లో తల దూర్చి, ఎవడి ఫోమ్ ఎంత గట్టిది, ఎవడి దగ్గర కొన్నవాళ్ళు ఏమని తిట్టుకున్నారు, అన్నీ చదివి, ఒక నోటుపుస్తకం నింపి, ఆఖరికి ఆన్‌లైన్లో ఆర్డరు పెట్టింది. గట్టి షీటు పోయిన వారమే వచ్చింది. మెత్తటిది మొన్న మంగళవారం వచ్చింది. ఆ మంగళవారమే, ఆ ఫోమ్ మీదే, తల్లి ఊపిరాడక చచ్చిపోయింది. నిన్న సాయంత్రం ఆ పిల్ల, 'నేనే చంపాను' అని రాసి సంతకం పెట్టింది.

"ఆ పిల్ల సంతకం పెట్టాక కూడా మీకు ఈ తాపత్రయం ఎందుకు మేడమ్?" అన్నాడు ఉడుం.

"తండ్రి పిలిచాడు."

"తండ్రి పిలవకేం చేస్తాడు? కాకి పిల్ల కాకికి ముద్దు. నా ఫైలు చూశారుగా, ఎక్కడన్నా కన్నం కనబడిందా?"

కన్నం కనబడలేదు, నిజమే. పార్సిల్ తెచ్చినవాడి కాగితం మీద పదింబావుకి డ్రైవర్ సంతకం ఉంది. డ్రైవర్ పదకొండుకి ఇంటికి తాళమేసి బయల్దేరాడు, పదకొండూ ఇరవైకి డిపోలో డ్యూటీ ఎక్కాడు. కూతురు తొమ్మిదింటి నుంచి పదకొండుంబావు దాకా షాపులో, యజమాని కళ్ళెదుటే, ఈ పరుపుకే గలీబు కుడుతూ ఉంది. తర్వాత యజమాని వెళ్ళిపోయాడు, పిల్ల ఒక్కతే. షాపు నుంచి ఇంటికి పది నిమిషాల నడక. పదకొండున్నరకి ఇంటికొచ్చి, ముందుగదిలో పాత మంచం మీదున్న తల్లిని ఎత్తి కొత్త పరుపు మీద బోర్లా వేసి, మొహం అదిమి, షాపుకి తిరిగిపోయానని ఆ పిల్లే చెప్పింది. రెండున్నరకి ఇంట్లోకి రావడం పక్కింటివాళ్ళు చూశారు. మూడూ పదికి పోలీసులకి ఫోన్ చేసింది. మనిషి పదకొండుకీ ఒంటిగంటకీ మధ్య పోయిందనీ, పోయేటప్పుడు బోర్లా ఉందనీ, తర్వాతెప్పుడో వెల్లకిలా తిప్పారనీ డాక్టరు రాశాడు. ఇంకో ఊళ్ళో మంచి ఉద్యోగం వచ్చిందన్న ఉత్తరం పిల్ల సంచీలో దొరికింది.

"రెండున్నరకీ మూడూ పదికీ మధ్య నలభై నిమిషాలు," అన్నాడు ఉడుం. "కన్నతల్లి శవం పక్కన నలభై నిమిషాలు ఏం చేసిందో చెప్పమనండి. అదొక్కటి చాలు నాకు."

డిటెక్టివ్ పరుపు మీద మోకాలు ఆనించి, బరువంతా మోపి, లేచింది. మోకాలు పెట్టినచోట గుంట పడింది. మనసులో లెక్కపెట్టింది. తొమ్మిది అనేసరికి గుంట పూడిపోయింది. ఇంకోచోట మోపింది. మళ్ళీ తొమ్మిదే.

"కసరత్తా మేడమ్?"

"ఫైల్లో ఫొటోలివ్వు. శవాన్ని తీసిన తర్వాతవి."

రెండున్నాయి. వెనకాల టైము రాసి ఉంది. మూడూ నలభై ఒకటి, మూడూ యాభై రెండు. మొదటి దాంట్లో పరుపు మధ్యన మనిషి ఆకారంలో లోతైన గుంట. రెండో దాంట్లోనూ ఉంది. కాస్త పూడింది గానీ అరచెయ్యి పట్టేంత లోతు ఇంకా ఉంది.

"శవాన్ని ఎన్నింటికి లేపారు?"

"మూడూ నలభైకి. నా ఎదురుగానే."

తన మోకాలి గుంట తొమ్మిది లెక్కపెట్టేలోపు పూడింది. మంచం పట్టి చిక్కిపోయిన ఆ మనిషి గుంట పన్నెండు నిమిషాలకి కూడా పూడలేదు. ఎందుకని? వంగి మంచం కింద చూసింది. గోడవారగా ఒక ప్లాస్టిక్ చుట్ట, గాలి పీల్చేసి బిగించి కట్టింది, విప్పకుండా పడుంది. మీద అతికించిన చీటీలో 'దిండు కోసం, ఉచితం' అని ఉంది. మెత్తటి షీటుతో పాటు పంపిన అదే ఫోమ్ ముక్క, అదే మూడంగుళాలది.

ఆవిడ కత్తెర తీసి చుట్టని కోసేసింది.

"మేడమ్! సాక్ష్యం పాడుచేస్తున్నారు!"

"సాక్ష్యమా? నీ జాబితాలో ఇది లేదే. మంచం కింద వంగి చూడనివాడికి ఇది సాక్ష్యమెలా అయింది?"

ఉడుం మొహం కందగడ్డయింది. "పెద్దరికానికి గౌరవమిచ్చి రానిచ్చాను. నా నెత్తినెక్కి తొక్కకండి."

"నీ నెత్తి మీద తొక్కడానికేముంది గానీ, టైము రాసుకో. పన్నెండూ నలభై."

ఫోమ్ ముక్కని కిటికీలో పరిచింది. అట్టముక్కలా ఉంది, వేలు మందం. టేపు పెడితే ముప్పావు అంగుళం.

దాన్ని అలాగే ఉంచి ముందుగదిలోకి వచ్చింది. కిటికీ కనబడేలా తలుపు తీసే ఉంచింది. డ్రైవర్ ఖాళీ ఇనపమంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. మంచం మీది దుప్పటిని మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెడుతున్నాడు. రెండ్రోజులుగా గడ్డం గీసుకోలేదు.

"ఫోమ్ ఎవరు విప్పారండీ?"

"నేనేనమ్మా. పిల్ల షాపు నుంచి ఫోన్ చేసింది. నాన్నా, కత్తెరతో మెల్లగా కొయ్యి, పరిచి వదిలెయ్, అదే ఉబ్బుతుంది, రేపటిదాకా అమ్మని ఎక్కించొద్దు అంది."

"ఎన్నింటికి విప్పారు?"

"పదీ ఇరవై అయుంటుంది."

"అప్పుడెలా ఉంది?"

"అప్పడంలా ఉందమ్మా." ఆయన మొహంలో ఒక్క క్షణం నవ్వులాంటిది వచ్చింది. "ఇదేం పరుపండీ, మీ కూతుర్ని ఎవడో నిలువునా ముంచాడు అని ఒకటే నవ్వు మా ఆవిడ."

"ఆవిడ చూసిందా?"

"ఆఁ."

"ఆవిడ మంచం ఇక్కడుంది. ఫోమ్ లోపలి గదిలో పరిచారు. మధ్యన గోడ. ఎలా చూసింది?"

డ్రైవర్ చేతిలో దుప్పటి ఆగిపోయింది.

"నేను... చెప్పానమ్మా. ఇలా ఉంది అని. అందుకు నవ్వింది."

"మీరు వెళ్ళేటప్పటికి ఎక్కడుంది?"

"ఇంట్లోనే."

"ఇంట్లో ఎక్కడ?"

"బాగానే ఉందమ్మా," అన్నాడాయన, గోడకేసి చూస్తూ. "నేను వెళ్ళేటప్పటికి బాగానే ఉంది. పోలీసులకీ అదే చెప్పా."

నిజమే, అదే చెప్పాడు. 'పాత మంచం మీద ఉంది' అని రాసుకుంది మాత్రం ఉడుం. ఆ మాట ఈయన నోటి నుంచి ఎప్పుడూ రాలేదు, ఎవరూ అడగలేదు. డిటెక్టివ్ ఇంకో ప్రశ్న అడగబోయి మానేసింది. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఇలాంటి చోట ఆవిడ అస్సలు ఆగేది కాదు.

కిటికీలో ముక్క పన్నెండూ యాభైకి అంగుళమున్నర అయింది. ఒంటిగంటకి రెండుంబావు. ఒంటిగంటా ఇరవైకి టేపు పెడితే మూడంగుళాలూ నిండింది. అప్పుడు దాని మీద పిడికిలి అదిమి తీసింది. తొమ్మిది లెక్కకి గుంట పూడింది. ఒకసారి పూర్తిగా ఉబ్బిన ఫోమ్ మీద ఎవరు పడుకుని లేచినా క్షణాల్లో పైకొస్తుంది. అసలు ఉబ్బనివ్వకుండానే మనిషిని వేస్తే, ఆ మనిషి కింద మాత్రం చుట్టలో ఉన్నట్టే అణిగి ఉంటుంది. మనిషిని తీశాక, అప్పుడే విప్పినట్టు, మొదట్నించీ నిదానంగా లేస్తుంది. ఫొటోలో ఉన్నది అదే.

పదీ ఇరవైకి విప్పిన ఫోమ్ పదకొండుకి పూర్తిగా ఉబ్బిపోతుంది. పదకొండున్నరకి కూతురొచ్చి తల్లిని పడుకోబెట్టడమన్నది కల్ల. ఆ తల్లిని ఆ పరుపెక్కించింది పదిన్నర ప్రాంతంలో. అప్పుడు కూతురు యజమాని కళ్ళెదుట మిషను తొక్కుతోంది. ఇంట్లో ఉన్నది ఒక్కడే.

పిల్లని బయటపడెయ్యమని కాళ్ళావేళ్ళా పడి తనని పిలిచినవాడు.

"ఏం తేలింది మేడమ్?" అన్నాడు ఉడుం, సీలుకి లక్క కరిగిస్తూ.

"ఏమీ తేలలేదు," అంది డిటెక్టివ్. పాతికేళ్ళలో పోలీసుతో ఆవిడ ఆడిన మొదటి అబద్ధం అది. ఉడుం తృప్తిగా తలాడించాడు.

*

స్టేషన్లో లాకప్ గది ముందు ఆడ కానిస్టేబుల్ తాళం తీసి, "పావుగంటే" అని పక్కకి తప్పుకుంది. పిల్ల మూలకి ఒదిగి కూర్చుని ఉంది. ఇరవై మూడేళ్ళుంటాయి. వేళ్ళ చివర సూది గుచ్చుకున్న గుర్తులు.

"పదకొండున్నరకి నువ్వు ఇంటికి పోలేదు," అంది డిటెక్టివ్, ఉపోద్ఘాతం లేకుండా. "మీ అమ్మని ఆ పరుపు మీద వేసేటప్పటికి ఫోమ్ అట్టముక్కలా ఉంది. అప్పుడు నువ్వు షాపులో ఉన్నావు."

పిల్ల ఉలిక్కిపడింది. తర్వాత, పెద్ద బరువు దింపుకున్నట్టు కాక, ఇంకో బరువు ఎత్తుకున్నట్టు వంగిపోయింది.

"ఎవరికన్నా చెప్పారా?"

"ఇంకా లేదు."

"చెప్పకండి మేడమ్. మీ కాళ్ళు పట్టుకుంటా."

"ముందు జరిగింది చెప్పు."

"నేను రెండున్నరకి గలీబు పట్టుకుని ఇంటికెళ్ళా. అమ్మ కొత్త పరుపు మీద బోర్లా ఉంది. వీపు పుళ్ళు మండిపోతున్నాయి, ఒక్క గంట బోర్లా పడుకోబెట్టండి అని రోజూ నాన్న ప్రాణం తీసేది. పాత పరుపు మధ్యలో గుంటలు పడిపోయింది, దాని మీద బోర్లా వెయ్యాలంటే భయం. కొత్తది పల్చగా, బల్లలా కనబడేసరికి ఇదైతే ఫర్వాలేదు అనుకునుంటాడు నాన్న. మొహం పక్కకి తిప్పే పడుకోబెట్టి ఉంటాడు మేడమ్, నాన్న సంగతి నాకు తెలుసు. ఆయన వెళ్ళాక అది లేచింది. అమ్మ కింద లేవదు గదా, చుట్టూ లేచింది. చెవుల దాకా." పిల్ల రెండు అరచేతులూ తన మొహానికి అటూ ఇటూ పెట్టి చూపించి, గభాల్న తీసేసింది. "దాన్ని తోసుకుని మెడ తిప్పుకునే బలం లేదు ఆమెకి."

డిటెక్టివ్ ఆ పిల్ల పక్కన నేల మీద కూర్చుంది.

"తిప్పి పడుకోబెట్టా. మొహం తుడిచా. తల దువ్వా. నలభై నిమిషాలు ఏం చేశావని ఆ ఇన్‌స్పెక్టర్ వంద సార్లడిగాడు. నాన్నకి తెలియకుండా ఉండాలంటే ఏం చెయ్యాలా అని ఆలోచిస్తూ కూర్చున్నా. అంతే."

"ఇది హత్య కాదమ్మా. ఎవరూ కావాలని చెయ్యలేదు. నేనొక్క మాట చెప్తే సాయంత్రానికి నువ్వు ఇంట్లో ఉంటావు."

"ఇంటికెళ్ళి ఎవర్ని చూడమంటారు? తన చేత్తో అమ్మని చంపుకున్నానని తెలిస్తే ఆయన పూటైనా బతకడు. మూడేళ్ళు పసిపిల్లలా సాకాడు మేడమ్. నేను చంపాననుకుంటే, కనీసం నా మీద కోపంతోనన్నా బతుకుతాడు."

"నీ బతుకో?"

"తప్పు నాదే కదా. కోసిన షీటు, చుట్టకుండా అట్టపెట్టెలో పంపేవాడు ఇంకొకడున్నాడు. వాడిది రావడానికి వారం పడుతుందన్నాడు. చుట్టింది మూడ్రోజుల్లో వస్తుందని ఫోన్లో ఇది నొక్కా. అమ్మకి నొప్పి నాలుగ్రోజులు ముందు తగ్గుతుందని." పిల్ల చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "ఒక్క నొక్కు మేడమ్. రెండిటి మధ్యా తేడా ఒక్క నొక్కు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే. నిజం దాస్తే ఏ పాపం ఎరగని పిల్ల జైలుకి పోతుంది. బయటపెడితే తండ్రి పోతాడు, ఆయన వెనకాలే పిల్లా ఏమవుతుందో తెలియదు. డిటెక్టివ్ తన జీవితమంతా నిజం ఎక్కడుందా అని వెదికింది గానీ, దొరికిన నిజాన్ని ఎక్కడ పారెయ్యాలో ఆవిడకెవరూ నేర్పలేదు. గోడ గడియారం రెండూ యాభై చూపిస్తోంది.

"సరేనమ్మా," అంది చివరికి. "మీ నాన్నకి చెప్పను."

ఎలా చెప్పకుండా ఉంటుందో, నాలుగింటికి ఏం చేస్తుందో ఆవిడకే తెలియదు. ఏదో ఒకటి అనకపోతే ఆ పిల్ల తనని వదిలేలా లేదు.

లాకప్ బయట నడవాలో బెంచీ మీద డ్రైవర్ కూర్చుని ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో, ఇంటి నుంచి ఆవిడ వెనకాలే వచ్చినట్టున్నాడు. ఎదురుగా బల్ల దగ్గర ఉడుం కోర్టుకి పంపాల్సిన కాగితాలకి దారం కడుతున్నాడు.

"ఏం దొరికిందమ్మా?" అన్నాడు డ్రైవర్, లేచి నిలబడి.

"ఏమీ దొరకలేదండీ. నన్ను క్షమించండి."

"దొరక్కపోవడమేంటి?" ఆయన గొంతులో ఉన్నది నిరాశ కాదు, భయం. "సరిగ్గా చూడండమ్మా. దొరకాలి."

"అంతా చూశాను."

"కిటికీలో ఆ ముక్క పెట్టారుగా. మీరు టేపు పెట్టినప్పుడల్లా నేనూ తలుపులోంచి చూశాను. అది ఎలా లేచిందో చూశాను. మీకు తెలిసిపోయింది, నాకు తెలుసు. ఎందుకమ్మా దాస్తారు?"

డిటెక్టివ్ చుట్టూ చూసింది. ఉడుం చేతిలో దారం ఆగింది.

"కూర్చోండి," అంది మెల్లగా. "ఇక్కడ వద్దు. మీరేం మాట్లాడకండి."

"రెండ్రోజుల్నించీ మాట్లాడకుండానే ఉన్నా. నోరు పెగల్లేదు. సాక్ష్యం లేదు గదా, పిల్లని వదిలేస్తార్లే అనుకున్నా. అది సంతకం పెట్టేసింది. నా నోటితో నేను చెప్పుకోలేక మిమ్మల్ని పిలిచా. మీరు కనిపెడితే, అవును అంటే సరిపోతుంది గదా అని." ఆయన బెంచీ అంచు పట్టుకున్నాడు. "బోర్లా పడుకోబెట్టింది నేనే. పదిన్నరకి. మొహం పక్కకే తిప్పా. ఎంత హాయిగా ఉందండీ అంది."

"మీకు తెలియక జరిగింది. ఫోమ్ అలా లేస్తుందని మీకేం తెలుసు? కోర్టులో నేనే చెప్తాను," అంది డిటెక్టివ్, ఆయన చెయ్యి పట్టుకుని. ఎక్కడో ఒక చిన్న ఆశ తల ఎత్తింది. తెలియక చేసినదానికి శిక్ష తక్కువ. పిల్ల బయటికొస్తుంది, ఇద్దరూ ఒకర్నొకరు పట్టుకుని ఏడుస్తారు, ఎలాగో బతుకుతారు.

"తెలియకేం కాదమ్మా."

"అంటే?"

"బూట్లు వేసుకుంటుంటే పిలిచింది. ఏవండీ అని. గొంతు ఎక్కడో అడుగు నుంచి వస్తున్నట్టుంది. రోజుకి యాభై సార్లు పిలుస్తుంది గదా, దురద అనో, దాహమనో. మళ్ళీ వెళ్తే మళ్ళీ తిప్పాలి, మళ్ళీ పడుకోబెట్టాలి. పదకొండైపోతోంది. ఆ ముందు వారమే రెండుసార్లు లేటని రాశారు. మూడేళ్ళు, అమ్మా. మూడేళ్ళలో ఒక్కసారి, వినబడనట్టు ఊరుకున్నా." ఆయన గొంతు తగ్గించాడు. "పిల్లకి నేను పడుకోబెట్టానని చెప్పండి, ఫర్వాలేదు. పిలిచిందని మాత్రం చెప్పకండి."

ఉడుం కాగితాలు పక్కకి పెట్టి కొత్త తెల్లకాగితం లాక్కున్నాడు. డిటెక్టివ్ అతనికేసి చూసింది. పెన్ను తెరిచాడు గానీ అతను కూడా వెంటనే రాయలేకపోయాడు.

లాకప్ గది తలుపుకి ఆడ కానిస్టేబుల్ ఇంకా తాళం వెయ్యలేదు. లోపల పిల్ల ఏడుపు వినబడటం లేదు. ఎప్పటి నుంచి వినబడటం లేదో డిటెక్టివ్ గమనించలేదు. తల తిప్పేసరికి ఆ పిల్ల కటకటాల దగ్గర నిలబడి ఉంది.

"ఎన్నిసార్లు పిలిచింది నాన్నా?"

డిటెక్టివ్ ఆయనకి అడ్డంగా నిలబడబోయింది, ఎందుకో తనకే తెలియకుండా. ఆయన ఆవిడని పక్కకి జరిపి, కూతురి మొహంలోకి రెండ్రోజుల తర్వాత మొదటిసారి చూశాడు.

"తాళం వేసేదాకా," అన్నాడు.